బహుళ ఛానళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్ : గృహ ధ్వనిముద్రణమునకు అల్పవ్యయపు ఎంపిక

నిర్వచనము, పరిధి

మైక్రోఫోనులనుండియు వాద్యములనుండియు వెలువడు విద్యుత్సంకేతములను కంప్యూటరు గ్రహింపగల అంకెలుగా మార్చి దానికందించుటయు, కంప్యూటరునుండి తిరిగివచ్చు అంకెలను మరల విద్యుత్సంకేతములుగా మార్చి హెడ్‌ఫోనులకును స్పీకర్లకును పంపుటయు అను రెండు పనులను ఏకకాలమున నిర్వహించు పరికరము ఆడియో ఇంటర్‌ఫేస్. దీనినే వాడుకలో సౌండ్ కార్డు అనియు వ్యవహరింతురు. ఇట్టి పరికరమున రెండు మార్గములే యున్నచో అది ఒక గాయకుడు తన కంఠమును వాద్యమును ముద్రించుకొనుటకు చాలును. నాలుగు గాని, ఎనిమిది గాని, అంతకు మించి గాని మార్గములు ఒక్కసారిగా, ఒకదానితో నొకటి కలియకుండ ముద్రింపబడునట్లు కూర్పబడినచో దానిని బహుళ ఛానళ్ల ఇంటర్‌ఫేస్ అందురు.

ముందట పండ్రెండు మైక్రోఫోనులకు ద్వారములుండియు, వాని ధ్వనులన్నియు లోపలనే కలిసిపోయి రెండు ఛానళ్లుగా మాత్రమే కంప్యూటరును చేరునట్టి సామాన్యపు మిక్సర్లు, యూఎస్‌బీ తీగ కలిగియున్నను, ఈ తరగతిలోనికి రావు. ప్రతి మైక్రోఫోను ధ్వనియు తన ట్రాకునందే నిలిచి, కచేరి ముగిసిన పిమ్మట మృదంగమును తగ్గించి వయొలిన్‌ను హెచ్చించుటకు వీలుండుటయే ఈ పరికరముయొక్క ప్రయోజనము. అంగడిలో ఈ భేదమును విక్రేతలు తరచుగా దాటవేయుదురు గనుక కొనువారు దీనిని మొదటనే విచారించుట మేలు.

చరిత్ర

ధ్వనిని అంకెలుగా మార్చు విద్యకు మూలమగు పల్స్ కోడ్ మాడ్యులేషన్ పద్ధతిని 1937లో, పారిసునందు పనిచేయుచున్న అలెక్ రీవ్స్ అను ఆంగ్ల ఇంజనీరు కల్పించెను. సంకేతమునందలి అత్యధిక పౌనఃపున్యమునకు రెట్టింపునకు మించిన వేగముతో నమూనాలు గైకొన్నచో ఆ సంకేతమును లోపము లేకుండ పునర్నిర్మింపవచ్చునను సిద్ధాంతమునకు హారీ నైక్విస్ట్ 1928లో పునాది వేయగా, క్లాడ్ షానన్ 1949లో దానిని స్పష్టముగా ప్రతిపాదించెను. మనుష్యకర్ణము సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకే వినగలదు గనుక, 1982లో అంగడికి వచ్చిన కాంపాక్ట్ డిస్కు 44.1 కిలోహెర్ట్జ్ నమూనావేగమును, 16 బిట్ల నిడివిని స్వీకరించెను.

ధ్వనులను వేర్వేరు ట్రాకులలో ముద్రించు సంప్రదాయము అంకెలకు పూర్వమే, అయస్కాంతపు టేపుతో పుట్టినది. గిటారు విద్వాంసుడగు లెస్ పాల్ కోరికపై ఆంపెక్స్ సంస్థ 1957లో ఆతని యింటికి ఎనిమిది ట్రాకుల టేపుయంత్రమును చేర్చెను. బహుట్రాకు ముద్రణ తొలిదినములలోనే ఒక గృహమున ప్రవేశించినదనుట దీనివలన తెలియుచున్నది. కాని అట్టి యంత్రము సామాన్యులకు కొననలవియైనది కాదు. 1979లో టాస్కామ్ సంస్థ పోర్టాస్టూడియో 144 అను పరికరమును వెలువరించి, మనయిండ్లలోను వాడుకయందుండిన మామూలు క్యాసెట్టుమీదనే నాలుగు ట్రాకులు ముద్రించుటకు వీలు కల్పించెను. క్యాసెట్టును మామూలు వేగమునకు రెట్టింపున త్రిప్పియు, డీబీఎక్స్ అను రవళి (నాయిస్) నివారణోపాయమును జోడించియు అది తన పరిమితులను కొంతవరకు జయించినది. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన యింటిలో ఈ యంత్రముపై నమూనాగా పాడుకొన్న పాటలే 1982లో ‘నెబ్రాస్కా’ అను పేర సంపుటిగా విడుదలయగుటతో గృహముద్రణకొక గౌరవము కలిగెను.

1991లో రెండు పరిణామములు సంభవించినవి. అలెసిస్ సంస్థ ఏడాట్ అను యంత్రమును ప్రకటించి, ఎస్-వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్టుమీద ఎనిమిది డిజిటల్ ట్రాకులు ముద్రించుటను సాధ్యము గావించెను. అట్టి యంత్రములను పదునారింటివరకు గొలుసుగా కలిపి నూటయిరువదియెనిమిది ట్రాకులు పొందుటకు వీలుండెను. ఆ టేపుయంత్రములు నేడు మూలబడినవి గాని, వానిమధ్య సంకేతములను మోయుటకు కల్పింపబడిన కాంతితీగ పద్ధతి మాత్రము అదే పేరున నేటికిని అల్పవ్యయపు ఇంటర్‌ఫేస్‌లలో ప్రాణముతో నున్నది (చూడుడు : విస్తరణము). ఆ యేటనే డిజిడిజైన్ సంస్థ ప్రో టూల్స్ పేర నాలుగు ట్రాకుల కంప్యూటరు ముద్రణ సాధనమును విడుదల చేసెను.

1997లో స్టైన్‌బెర్గ్ సంస్థ రూపొందించిన ఆసియో అను డ్రైవరు (పరికరమును కంప్యూటరుతో అనుసంధించు సాఫ్ట్‌వేరు) నియమావళివలన విండోస్ కంప్యూటర్లలో ధ్వని తక్కువ ఆలస్యముతో ప్రవహించుటకు మార్గమేర్పడెను. అంతవరకు కంప్యూటరు పెట్టె విప్పి లోపల కార్డు బిగింపవలసియుండగా, 2001లో మోటూ సంస్థ 828 అను పరికరమును ఫైర్‌వైర్ తీగతో వెలుపలనుండియే కలుపునట్లు నిర్మించెను. 2000లో వెలువడిన యూఎస్‌బీ 2.0 సెకనుకు 480 మెగాబిట్ల సామర్థ్యముతో వచ్చి, క్రమముగా ఫైర్‌వైర్ స్థానమును ఆక్రమించెను. చిప్పుల వెల తగ్గుట, ఆసియా ఖండమున ఉత్పత్తి విస్తరించుట అను కారణములచేత, ఒకనాడు స్టూడియో యజమానికి గాని అందని ఎనిమిది మైక్రోఫోను ద్వారములు నేడు మధ్యతరగతి గృహస్థుని బడ్జెట్టులోనికి వచ్చినవి.

అంతర్నిర్మాణము, క్రియావిధానము

మైక్రోఫోనునుండి వచ్చు సంకేతము అతిబలహీనము, కొన్ని మిల్లీవోల్టులకు మించనిది. దానిని పనికివచ్చు స్థాయికి పెంచు భాగము ప్రీఆంప్. ష్యూర్ సంస్థవారి ఎస్‌ఎం7బీ వంటి డైనమిక్ మైక్రోఫోను ఎదుట మెల్లగా మాటలాడినచో సుమారు 60 డెసిబెల్‌ల వర్ధనము కావలసియుండును; కండెన్సర్ మైక్రోఫోనులకు ఇందులో సగమే చాలవచ్చును. అల్పవ్యయపు పరికరముల గరిష్ఠవర్ధనము 50 నుండి 60 డెసిబెల్‌ల ప్రాంతమున నుండుట సామాన్యము గనుక, తమయొద్దనున్న మైక్రోఫోనుల జాతినిబట్టి ఈ యంకెను పరిశీలింపవలెను.

ప్రీఆంప్ తనంతట కలిపెడి రవళిని ఈఐఎన్ అను కొలతతో సూచింతురు. 150 ఓముల నిరోధముగల మూలమునకు ప్రకృతిసిద్ధమగు ఉష్ణరవళియే సుమారు −131 డీబీయూ. ఇంతకంటె తక్కువ ఈఐఎన్ గల ప్రీఆంప్‌ను ఎవరును నిర్మింపజాలరు. సాధారణపు పరికరములు −125 నుండి −129 వరకు ప్రకటించుచుండగా, ఈ మూడునాలుగు డెసిబెల్‌ల భేదమునకై అధికధనము వెచ్చించుట గృహముద్రణయందు వ్యర్థము. తలపై తిరుగు పంకా చప్పుడు ఆ భేదమును మ్రింగివేయును.

కండెన్సర్ మైక్రోఫోనులకు వలయు 48 వోల్టుల విద్యుత్తును అదే తీగగుండ పంపు ఏర్పాటునకు ఫాంటమ్ పవర్ అని పేరు. 1966లో న్యూమన్ సంస్థ నార్వే ఆకాశవాణికొరకు రూపొందించిన కేఎం 84 మైక్రోఫోనుతో ఇది వ్యాప్తిలోనికి వచ్చెను. చవుక పరికరములలో దీని మీట ఒక్కొక్క ఛానలునకు విడిగాగాక నాలుగింటికొకటి చొప్పున నుండును. రిబ్బన్ మైక్రోఫోనులు వాడువారు తీగ లోపమువలన అవి చెడకుండునట్లు వానిని ఆ గుంపునకు వెలుపల నుంచుట క్షేమము.

తరువాతి భాగము కన్వర్టరు. నమూనా యొక్క బిట్ల నిడివి పెరిగినకొలది, అతిమృదు ధ్వనికిని అతితీవ్ర ధ్వనికిని నడుమ ఇమిడెడి వ్యవధి బిట్టుకు సుమారు 6 డెసిబెల్‌ల చొప్పున పెరుగును. లెక్క ప్రకారము 16 బిట్లకు సుమారు 98, 24 బిట్లకు సుమారు 146 డెసిబెల్‌లు. కాని వాస్తవమున ఏ కన్వర్టరును 24 బిట్ల పూర్ణఫలము నీయజాలదు. మధ్యమ ధరలలోని పరికరములు 105 నుండి 115 డెసిబెల్‌ల వరకు చూపుచుండును. గృహమునందలి గదికి ఇది అవసరమునకు మించినదే. ప్రకటనలయందు మిక్కిలి ఘనముగా చాటబడు ఈ భాగమే పరికరమునకు పరికరమునకు మిక్కిలి తక్కువ భేదము చూపుటయు, డ్రైవర్లును ద్వారములును ప్రకటనలలో కానరాకపోయియు పనిని నిర్ణయించుటయు గమనింపదగిన విషయము.

ద్వారములు మూడు విధములు. మైక్రోఫోనునకు ఎక్స్‌ఎల్‌ఆర్ ద్వారము; కీబోర్డు, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె మొదలగువానికి లైన్ ద్వారము; ఎలక్ట్రిక్ గిటారు, పికప్ బిగించిన వీణ వంటివానికి వాద్య ద్వారము. మూడవదాని అవరోధము పది లక్షల ఓముల మేర నుండవలెను. పికప్‌ను లైన్ ద్వారమునకు తగిలించినచో తారధ్వనుల కాంతి తగ్గి నాదము మందగించును. ఎనిమిది ఛానళ్ల పరికరములలో ఈ సౌకర్యము తరచుగా మొదటి రెండు ఛానళ్లకే పరిమితము.

ఛానళ్ల లెక్క

కొనువారిని పొరపాటున పడవేయునట్టిది ఛానళ్ల లెక్కకంటె మరియొకటి లేదు. ఫోకస్‌రైట్ సంస్థవారి స్కార్లెట్ 18ఐ20, బెరింగర్‌వారి యూఎంసీ1820, ప్రీసోనస్‌వారి స్టూడియో 1824సీ అను మూడును పదునెనిమిది ఛానళ్ల పరికరములుగా విక్రయింపబడుచున్నవి. టాస్కామ్‌వారి యూఎస్-16ఎక్స్08 పదునారు ఛానళ్లది. పై చూపునకు మొదటి మూడును అధికములుగా తోచును. కాని నాల్గింటియందును మైక్రోఫోను ద్వారములు ఎనిమిదేసి మాత్రమే. మొదటి మూడింటి లెక్కలో మిగిలిన పదింటిలో ఎనిమిది ఏడాట్ కాంతిద్వారమునుండి, రెండు ఎస్పీడిఫ్ ద్వారమునుండి రావలసినవి. మరియొక పరికరము కొని తగిలించినగాని అవి శూన్యములు. టాస్కామ్ పరికరమున మిగిలిన ఎనిమిదియు లైన్ ద్వారములే, కనుక కీబోర్డులు, శ్రుతిపెట్టెలు, డ్రమ్ మెషీనులు పెక్కు గలవారికి అది పెట్టెనుండి తీసిననాడే పదునారును అందించును. కాని ఏడాట్ ద్వారము లేకపోవుటచే మైక్రోఫోనుల సంఖ్య ఎనిమిదిని దాటి పెరుగుటకు అందు అవకాశము లేదు. ఇట్లు పదునారు పదునెనిమిదికంటె ఒకరికి ఎక్కువ, మరియొకరికి తక్కువ యగుచున్నది.

అందుచేత ఎంపికకు ముందు ప్రకటనలోని అంకెను విడిచి, తాము ముద్రింపబోవు మేళమును ఎదుట నిలుపుకొని లెక్కించుట యుక్తము. కర్ణాటక సంగీత కచేరిని ఇంటి హాలులో ముద్రించుటకు గాత్రమునకొకటి, వయొలిన్‌కొకటి, మృదంగపు రెండు ముఖములకు రెండు, ఘటమునకు గాని కంజిరకు గాని ఒకటి, శ్రుతిపెట్టెకొక లైన్ ద్వారము, హాలు వాతావరణమునకు రెండు, వెరసి ఎనిమిది. బుర్రకథకైనచో కథకునికిని వంతలిద్దరికిని కంఠములకు మూడు, గుమ్మెటలకు రెండు, తంబురకొకటి, వెరసి ఆరు. పాశ్చాత్య డ్రమ్ముల కిట్టు ఒంటరిగానే ఎనిమిదింటిని హరించును. దానితోపాటు బ్యాండు మొత్తమును ఒక్కసారి ముద్రింపదలచినవారికి ఎనిమిది చాలవు. భజనబృందములకు తాళములను విడిగా పట్టుకొనుటకంటె రెండు మంచి మైక్రోఫోనులను గదిలో తగిన దూరమున నిలుపుటయే తరచుగా మేలైన ఫలమిచ్చును.

మైక్రోఫోనులు పెరిగినకొలది ఒకదాని ధ్వని మరియొకదానిలోనికి జొరబడుటయు పెరుగును. రెండు మైక్రోఫోనుల నడుమ దూరము, ప్రతిదానికిని దాని వాద్యమునకును గల దూరమునకు కనీసము మూడింతలుండవలెనను సామాన్యసూత్రమును పాటించుటకు చిన్న గదిలో తావుండదు. పది అడుగుల గదిలో పదునారు ఛానళ్లు కోరువారు ఈ సంగతిని ముందుగా తలంపవలెను.

నిర్గమ ఛానళ్లును ఉపేక్షింపదగినవి కావు. రెండు స్పీకర్లకు పోను, పాడువానికొక మిశ్రమమును, మృదంగ విద్వాంసునికి వేరొక మిశ్రమమును హెడ్‌ఫోనులలో వినిపింపవలెనన్నచో కనీసము ఆరు నిర్గమములు కావలయును. పరికరమున రెండు హెడ్‌ఫోను ద్వారములుండియు రెండింటను ఒకే మిశ్రమము వినిపించు సందర్భములు కలవు.

సంధానమార్గములు

24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వేగమున ఒక ఛానలునకు సెకనుకు 1.152 మెగాబిట్లు వ్యయమగును. పదునెనిమిది ప్రవేశములు, ఇరువది నిర్గమములు కలిసి సుమారు 44 మెగాబిట్లు. పాత యూఎస్‌బీ 1.1 సామర్థ్యము 12 మెగాబిట్లే గనుక అది బహుళ ఛానళ్లకు చాలలేదు, యూఎస్‌బీ 2.0 పదవవంతు వాడుకతోనే ఈ భారమును మోయుచున్నది. కనుక యూఎస్‌బీ 3, సీ-ఆకృతి ద్వారము, థండర్‌బోల్ట్ అను మాటలు ధ్వని నాణ్యమును పెంచునని భావించుట సరికాదు. థండర్‌బోల్ట్ పరికరములు ఆలస్యమును కొంత తగ్గింపగలవు గాని వాని వెల ఈ వ్యాసపరిధిని మించినది.

విద్యుత్తు విషయమున ఒక చిన్న లెక్క. యూఎస్‌బీ 2.0 ద్వారము 5 వోల్టులవద్ద 500 మిల్లీఆంపియర్లు, అనగా 2.5 వాట్లు మాత్రమే యీయగలదు. ఫాంటమ్ నియమము ఛానలునకు 10 మిల్లీఆంపియర్ల వరకు అనుమతించును గనుక ఎనిమిది మైక్రోఫోనులకే 3.84 వాట్లు కావలసిరావచ్చును. ఎనిమిది ప్రీఆంప్‌ల పరికరములు సామాన్యముగా ప్రత్యేకమగు అడాప్టరుతోనో గోడప్లగ్గుతోనో వచ్చుటకు కారణమిదియే. కరెంటు పోయినపుడు ల్యాప్‌టాపు తన బ్యాటరీపై నడచుచునే యుండును గాని ఇంటర్‌ఫేస్ ఆరిపోవును. ముద్రణ అచటనే తెగును. విద్యుత్తు నిలుకడలేని ఊళ్లలో కచేరిని ముద్రించువారు ఇంటర్‌ఫేస్‌నకు యూపీఎస్ ఏర్పాటు చేసికొనుట అవసరము. చవుక ఇన్వర్టర్ల చదరపు తరంగమువలన కొన్ని పరికరములలో ఝంకారము వినబడునని కూడ తెలిసియుండవలెను.

డ్రైవర్లు, విలంబము

కంప్యూటరు నమూనాలను ఒక్కొక్కటిగా గాక గుంపులుగా స్వీకరించును. బావియొద్ద బిందె నిండిననే గాని ఎత్తుకొనిపోనట్లు, బఫర్ అను తావు నిండినపిమ్మటనే అది ముందుకు సాగును. 48 కిలోహెర్ట్జ్ వేగమున 64 నమూనాల బఫర్ నిండుటకు 1.3 మిల్లీసెకనులు, 256కు 5.3, 1024కు 21.3 పట్టును. ప్రవేశమున నొకసారి, నిర్గమమున మరియొకసారి, అటుపై కన్వర్టర్లు, డ్రైవరు తనకై దాచుకొను అదనపు తావు కలిసి గాయకునికి తన కంఠము వెనుకకు వినబడుటకు పట్టు మొత్తము ఆలస్యమే విలంబము, లేక లేటెన్సీ. ధ్వని గాలిలో మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణించును. 10 మిల్లీసెకనుల విలంబమనగా సుమారు మూడున్నర మీటర్ల దూరమునుండి తన్ను తాను వినుటతో సమానము. లయవాద్యకారులు దీనిని వెంటనే పసిగట్టుదురు. గాయకులకు హెడ్‌ఫోనులలో ఇది బోలుధ్వనిగా తోచును.

ఈ చిక్కునకు అల్పవ్యయపు పరికరములు చూపు మార్గము డైరెక్ట్ మానిటరింగ్; ప్రవేశసంకేతమును కంప్యూటరునకు పోనీయక పరికరములోనే హెడ్‌ఫోనులకు మరలించుట. ఎనిమిది ఛానళ్ల పరికరమున ఇది ఒక్క గుండీతో తీరునది కాదు. ప్రతి నిర్గమమునకును వేరొక మిశ్రమమును కూర్చగల అంతర్గత మిక్సరు, దానిని నడపు సాఫ్ట్‌వేరు ఉండవలెను. స్కార్లెట్ శ్రేణియందు ఇట్టి మిక్సరు కలదు. ఒకే వెలలోని రెండు పరికరముల నడుమ ఎంచుకొనవలసివచ్చినపుడు ఈ మిక్సరున్నదానివైపు మొగ్గుట న్యాయము.

డ్రైవరు ఆయుర్దాయము మరియొక ముఖ్యాంశము. యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2.0 అను సామాన్య నియమావళి 2006లో వెలువడినది. దాని ననుసరించు పరికరములు మ్యాక్, లినక్స్, ఐప్యాడ్ యంత్రములపై ప్రత్యేక డ్రైవరు లేకయే పనిచేయును. విండోస్ 10లో దీనికి 2017నుండి సహజమైన ఆదరణ లభించినను, తక్కువ విలంబమునకు తయారీదారుని ఆసియో డ్రైవరు నేటికిని ఆవశ్యకము. నియమావళి ననుసరింపని పరికరము, సంస్థ డ్రైవరు నవీకరణమును మానివేసిన మరునాడు, లోపలి ప్రీఆంప్‌లు ఎంత చక్కనివైనను ఇనుపడబ్బాగా మారును. పాతసామానుల అంగడిలో ఫైర్‌వైర్ పరికరములు పదియవవంతు వెలకు దొరకుటకు హేతువిదియే. నేటి కంప్యూటర్లలో ఆ ద్వారమే కానరాదు. అయినను ఏడాట్ నిర్గమము గల పాత పరికరములు కొన్ని, కంప్యూటరుతో సంబంధము లేకుండ కేవలము ప్రీఆంప్‌లుగా పనిచేయగలవు. అట్టివాని నెరిగి కొన్నవారికి లాభమే.

విస్తరణము

ఏడాట్ కాంతితీగ ఒక్కటి 44.1 లేక 48 కిలోహెర్ట్జ్ వేగమున ఎనిమిది ఛానళ్లను మోయును. 96 కిలోహెర్ట్జ్ వేగమున నాల్గింటినే మోయగలదు. బెరింగర్ ఏడీఏ8200 వంటి ఎనిమిది ప్రీఆంప్‌ల పెట్టెను ఈ తీగతో కలిపినచో ఎనిమిది మైక్రోఫోనుల ఇంటర్‌ఫేస్ పదునారింటిదగును. ఆ పెట్టె 48 కిలోహెర్ట్జ్‌ను మించి పనిచేయదు. గృహముద్రణమునకు అది కొరత కాదు. ఏడాట్ ద్వారముగల పరికరమునకు కొంచెము అధికమూల్యము చెల్లించుట, రేపు మేళము పెరిగినపుడు పాతదానిని అమ్మి క్రొత్తది కొనునగత్యమును తప్పించును.

ఇట్లు కలిపిన రెండు పరికరములును ఒకే గడియారము ననుసరించి నడువవలెను. ప్రతి కన్వర్టరునందును నమూనావేగమును నిర్ణయించు స్ఫటికమొకటి యుండును. రెండు స్ఫటికములు ఎన్నడును సరిసమానముగా నడువవు. ఒకదానిని ప్రధానముగాను రెండవదానిని అనుచరముగాను అమర్పనిచో టక్కుటక్కుమను చప్పుడులు ముద్రణలో చేరును. రెండు చవుక యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లను ఒకే కంప్యూటరునకు తగిలించి ఛానళ్లను పెంచుకొందమను ఆలోచన పలువురకు కలుగునదే. మ్యాక్ యంత్రములయందు రెండింటిని ఒకటిగా కూర్చి, వేగభేదమును సవరించు సదుపాయము కలదు. విండోస్‌నందు ఆసియో సామాన్యముగా ఒక పరికరమునే అంగీకరించును. తాత్కాలికోపాయముగా తప్ప దీనిని అవలంబింపరాదు.

వ్యయవిచారము

ఇంటర్‌ఫేస్ వెల మొత్తము వ్యయములో ఒక భాగమే. ఎనిమిది ఛానళ్లకు ఎనిమిది మైక్రోఫోనులు, ఎనిమిది స్టాండ్లు, ఎనిమిది ఎక్స్‌ఎల్‌ఆర్ తీగలు, మూడు నాలుగు హెడ్‌ఫోనులు కావలెను. వీని మొత్తము తరచుగా ఇంటర్‌ఫేస్ వెలను దాటును. ధనము పరిమితమైనపుడు నాలుగు ఛానళ్ల పరికరము, నాలుగు మంచి మైక్రోఫోనులు, గోడలకు దట్టమైన తెరలు అను కూర్పు, ఎనిమిది ఛానళ్లు, ఎనిమిది నాసిరకపు మైక్రోఫోనులు అను కూర్పుకంటె శ్రేష్ఠమైన ఫలమునిచ్చును. డిస్కుస్థలము కూడ లెక్కలోనిదే: 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వేగమున ఎనిమిది ఛానళ్లు గంటకు 4.15 గిగాబైట్లు గైకొనును. 96 కిలోహెర్ట్జ్‌కు మారినచో ఇది రెట్టింపగును. వినుటకు భేదము మాత్రము గోచరింపదు.

పాతపరికరమును కొనువారు ప్రతి ఛానలునందును మైక్రోఫోనును, ఫాంటమ్‌ను విడిగా పరీక్షించి, వర్ధనపు గుండీలను త్రిప్పి గరగర వినబడునేమో చూచి, తమ కంప్యూటరు నడుపు వ్యవస్థకు డ్రైవరు లభించునో లేదో ముందుగా నిర్ధారించుకొనవలెను. అడాప్టరు అసలైనదగుట కూడ ముఖ్యము.

మనదేశమున 50 హెర్ట్జ్ విద్యుత్తుయొక్క హోరు ముద్రణలో చేరుట సర్వసామాన్యమైన లోపము. కంప్యూటరు ఒక గోడనుండి, స్పీకర్లు వేరొక గోడనుండి విద్యుత్తు తీసికొనునపుడు భూమితీగలు రెండు మార్గముల కలిసి వలయమేర్పడును. అన్నిటిని ఒకే బోర్డునకు తగిలించుట, సమతుల్య తీగలు వాడుట, కీబోర్డు వంటివానికి ట్రాన్స్‌ఫార్మరుగల డీఐ పెట్టె నడుమనుంచుట ఇందుకు పరిహారములు. ప్లగ్గునుండి భూమి మొనను విరుగగొట్టుట ప్రాణాపాయకరము. అట్టి సలహాను ఎవరిచ్చినను పాటింపరాదు.

ప్రత్యామ్నాయములు

బహుళ ఛానళ్ల ఇంటర్‌ఫేస్ పనిని చేయగల ఇతర పరికరములు రెండు తెగలు. మొదటిది డిజిటల్ మిక్సరు: బెరింగర్ ఎక్స్‌ఆర్18 పదునారు మైక్రోఫోను ప్రీఆంప్‌లతో, యూఎస్‌బీ ద్వారా పదునెనిమిది ఛానళ్లను రెండువైపులను పంపుచు, ట్యాబ్లెట్టుతో నడుపబడును. కచేరివేదికమీద ధ్వనినిర్వహణకును ఇంటియందు ముద్రణకును ఒకే పరికరము కావలసిన బృందములకు ఇది ఇంటర్‌ఫేస్‌కంటె అధికోపయోగకరము. నమూనావేగము 48 కిలోహెర్ట్జ్‌నకు పరిమితము. రెండవ తెగ స్వతంత్ర ముద్రణయంత్రములు: జూమ్ సంస్థవారి లైవ్‌ట్రాక్ ఎల్-12 కంప్యూటరు లేకయే ఎస్‌డీ కార్డుపై ముద్రించును, ఎనిమిది మైక్రోఫోను ప్రీఆంప్‌లు కలిగి, ఐదుగురికి ఐదు వేర్వేరు హెడ్‌ఫోను మిశ్రమములు వినిపింపగలదు. అదియే యూఎస్‌బీ తీగతో ఇంటర్‌ఫేస్‌గాను పనిచేయును. ఇంటింటికి తిరిగి జానపద గాయకుల పాటలు సేకరించువారికి కంప్యూటరు మోయవలసిన పని లేకుండుట మిక్కిలి అనుకూలము.

ఇటీవలి కాలమున 32 బిట్ల ఫ్లోట్ ముద్రణ యను పద్ధతి చిన్న పరికరములలో ప్రవేశించినది. ఇందు ఒక్కొక్క ఛానలునకు వేర్వేరు వర్ధనములతో రెండు కన్వర్టర్లుండి, మృదుధ్వనిని ఒకటి, తీవ్రధ్వనిని మరియొకటి గ్రహించును. ముద్రణకు ముందు వర్ధనమును సరిచేయకున్నను పిమ్మట ధ్వనిని చెడకుండ సవరింపవచ్చును. మైక్రోఫోనే మోయలేనంత తీవ్రధ్వని వచ్చినచో దీనివలన ప్రయోజనముండదు. ఎనిమిది ఛానళ్లతో ఈ సౌకర్యముగల జూమ్ ఎఫ్8ఎన్ ప్రో వంటి యంత్రములు చలనచిత్ర స్థలముద్రణకు ఉద్దేశింపబడినవగుటచే వాని వెల పైని పేర్కొన్న ఇంటర్‌ఫేస్‌లకంటె చాల హెచ్చు.